మా ఇంటి మీదుగా వెళ్ళిన జవాబు

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో మా కాలేజీవాళ్ళు మెయిల్ సైట్లన్నీ మూసేశారు. పిల్లలు చెడిపోతారట! చెడిపోదలచుకున్నవాళ్ళు కంప్యూటర్ కోసం ఆగుతారా? పైగా మాది ఆడపిల్లల హాస్టల్, ఆదివారం తప్ప గేటు దాటనిచ్చేవారు కాదు. సరిగ్గా ఒక గురువారం మధ్యాహ్నం, నన్ను ఉద్యోగానికి ఎంచుకున్న కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మెయిల్ పంపామనీ, చేరతానని సాయంత్రంలోగా దానికే జవాబివ్వాలనీ, లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళిపోతుందనీ చెప్పారు.

నేనేం కంగారుపడలేదు. దసరా సెలవుల్లో భీమవరం దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి కంప్యూటర్‌ని ప్రాక్సీగా, అంటే నా బదులు సైట్లు తెరిచే మధ్యవర్తిగా పెట్టి, కాలేజీ ల్యాబ్ నుంచి దాని దాకా ఒక టన్నెల్ వేసి వచ్చాను. ల్యాబ్‌లో నేనేది తెరిచినా తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు మా ఇంటికి వెళ్ళి, అక్కణ్ణుంచి బయటపడుతుంది. మధ్యలో కాలేజీవాళ్ళకి ఏమీ కనిపించదు. నా తెలివికి నన్ను నేనే మెచ్చుకుంటూ మీట నొక్కాను. కనెక్ట్ కాలేదు. మళ్ళీ నొక్కినా అంతే.

ఇంటికి ఫోన్ చేశాను.

“అమ్మా, కంప్యూటర్ ఆన్‌లోనే ఉందా?”

“నిన్న గది సర్దుతూ కట్టేశానే. మనిషి లేకుండా ఊరికే తిరుగుతోంది. దుమ్ము పడకుండా తువ్వాలు కూడా కప్పాను.”

మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితేనే మా అమ్మ ప్రాణం విలవిల్లాడుతుంది. నాకు ఒళ్ళు మండింది గానీ, అరిస్తే అయ్యే పని కాదు. వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళ సంగతే చెప్పాను.

“మన కింది చేనువాళ్ళకి కాలవ అందదు కదా, మన చేలోంచే నీళ్ళు వదులుతాం. ఇక్కడ నాకు కాలవ మూసేశారమ్మా. మనింట్లోంచే పారాలి. నువ్వు కట్టేస్తే నా ఉద్యోగం పోతుంది.”

“ఆ ముక్క ముందే చెప్పొద్దేంటే! కింది చేనుకి నీళ్ళు ఆపితే పాపం కాదూ!” అంటూ వెళ్ళి స్విచ్ వేసింది.

మెయిల్ తెరుచుకుంది. చేరతానని రాసి పంపాను. అందిందని వాళ్ళు జవాబిచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ జవాబు చూశాక ల్యాబ్‌లోనే గెంతులేశాను. ల్యాబ్ సార్ ఉరిమి చూశారు. చూడనీ అనుకున్నాను.

మళ్ళీ ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఇంకా ఆ గదిలోనే ఉంది. నాన్నగారిని మెయిన్ స్విచ్ దరిదాపులకి రానివ్వలేదట. పేరంటానికి పిలవడానికి వచ్చినవాళ్ళకి కూడా కంప్యూటర్ పక్కనే కాఫీలిచ్చిందట. నాకు నవ్వూ, అమ్మ మీద చెప్పలేనంత ప్రేమా కలిసి ముంచుకొచ్చాయి.

“ఉద్యోగం ఖాయమైందమ్మా!”

“అమ్మయ్య! అయితే ఆ జవాబు మనింటికొచ్చే వెళ్ళిందంటావా?”

“అవునమ్మా. కంపెనీవాళ్ళ లెక్కలో నేను మనింట్లో కూర్చునే రాశాను.”

అమ్మ కోప్పడింది.

“ఇంటిదాకా వచ్చి, ఓ ముద్దయినా తినకుండా వెళ్ళిపోయావేంటే!”