కుర్చీలో కూర్చున్నది నేను కాదు

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇంత జరిగాక కూడా లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టరు. మా ఆయన వర్క్‌షాపులో ఫిట్టరు. మా పాప చిన్నికి ఏడేళ్ళు. ఆటిజం ఉంది, మాటలు బాగా తక్కువ. రాత్రి రెండైనా నిద్రపోయేది కాదు. ఓసారి మేం కునుకు తీసేసరికి తలుపు తీసుకుని రోడ్డు మీదికెళ్ళిపోయింది. ఆ భయంతోనే ఇలాంటి పిల్లలకి థెరపీ చేసే ఒక దీదీ దగ్గరికి తీసుకెళ్ళినాను.

ఆవిడ మందులివ్వలేదు. రోజూ ఒకే వేళకి స్నానం, పాలు, బొమ్మల పుస్తకం, తర్వాత లైటు తగ్గించడం. వరస మారకూడదు. పాప పక్కన పడుకోవడం మానేసి, మంచం దగ్గర కుర్చీ వేసుకుని మాట్లాడకుండా కూర్చోమంది. లేస్తే మెల్లగా మళ్ళీ పడుకోబెట్టాలి. నాలుగేసి రోజులకోసారి కుర్చీని కాస్త తలుపు వైపు జరపాలి.

మొదటి వారమంతా ఏడుపులే. నేను వదల్లేదు. రెండు నెలలకి కుర్చీ గుమ్మం దాకా వచ్చింది. తొమ్మిదిన్నరకల్లా పాప నిద్రపోతోంది. కాకపోతే ఆ కుర్చీలో నేను కనపడాలి.

ఒక రోజు పనుండి కలకత్తా వెళ్ళినాను. ఆయనది నైట్ డ్యూటీ. పాప పడుకునే వేళకి వచ్చేస్తానని పక్కింటి కాకీమాకి, అంటే పిన్నిగారికి, పాపని అప్పగించినాను. బెంగాలీ ఆవిడే గానీ మన తెలుగు బాగా వచ్చు. తిరిగొచ్చే లోకల్ రైలు దారిలో ఆగిపోయింది. తొమ్మిదింటికి ఫోన్ చేస్తే కాకీమా ఎత్తలేదు. నా ప్రాణం నా దగ్గర లేదు.

ఇల్లు చేరేసరికి పదకొండు. నా తాళంచెవితో తలుపు తీసినాను. కాకీమా లేదు. పాప ఒక్కతే మంచి నిద్రలో ఉంది.

పక్కింటికి పరిగెత్తినాను. "ఏటి కాకీమా, పిల్లనొక్కదాన్నీ వదిలేసి వచ్చేసినారేటి?"

ఆవిడ తెల్లబోయింది. "నువ్వు తొమ్మిదింటికే వచ్చినావు కదా! కుర్చీలో కూకుని, ఇంక వెళ్ళమని చెయ్యూపినావు. పిల్ల పడుకునేటప్పుడు మాట్లాడకూడదన్నావని, తలుపు లాగేసి వచ్చేసినాను."

తొమ్మిదింటికి నేను రైల్లో ఉన్నాను. ఆ కాల్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. మసక వెలుతుర్లో కాకీమా పొరబడిందనుకున్నా, పాప ఎవర్ని చూసి నిద్రపోయింది?

ఇప్పుడు చిన్ని గదిలో ఒక్కతే పడుకుంటోంది. అడిగిన ప్రతి తల్లికీ ఈ పద్ధతి ధైర్యంగా చెప్తున్నాను. ఆ ఒక్క రాత్రి సంగతే ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు పొద్దున్న పాపని అడిగినాను. "రాత్రి ఇక్కడ ఎవరు కూకున్నారమ్మా?"

నా వైపు చూడకుండా, ఖాళీ గుమ్మం వైపు చూసి "అమ్మ" అంది. నన్ను పిలిచిందో, నాకు జవాబు చెప్పిందో నాకిప్పటికీ తెలీదు.