గడ్డపార అభిమాన సంఘం ప్రెసిడెంటు

ధర్మవరంలో సినిమా హీరోలకు అభిమాన సంఘాలు వీధికొకటి ఉండేవి. రాక్ బ్యాండుకు సంఘం పెట్టినవాడు మాత్రం గంగాధర ఒక్కడే. పట్టుచీరలు నేసేవాడికి గిటార్లతో ఏం పనయ్యా అని నవ్వినవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకున్నాడు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మగ్గం గుంటలో కాళ్లు దించుకుని కూర్చునే మనిషికి ఖాళీగా ఉండేవి చెవులే గదా! ఆ చెవుల్లోకి హిందూపురం కుర్రాళ్లు నలుగురు వచ్చి పడ్డారు. వాళ్ల బ్యాండు పేరు గడ్డపార. చెక్కభజన దరువుకు గిటారు కలిపారు, తత్వాలకు డ్రమ్ములు కలిపారు, మధ్యమధ్యలో నాలుగు కన్నడ మాటలు విసిరారు. మొదటి క్యాసెట్టు ‘బండ’ను గంగాధర టేపు తెగేదాకా విన్నాడు. తెగాక అతికించి మళ్లీ విన్నాడు.

2001 వేసవిలో రెండో క్యాసెట్టు వచ్చింది. పేరు ‘పోగు’. సంఘమంతా గంగాధర ఇంటి ముందు చేరింది. సినిమా విడుదలకు చేసేవన్నీ చేశారు. బ్యానరు కట్టారు, టేపురికార్డరుకు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, అప్పుడు మీట నొక్కారు.

అంతే, ఒక్కొక్కరి ముఖం మాడిపోయింది. డ్రమ్ములు ఏవీ? గిటారు ఉందో లేదో తెలియనంత మెల్లగా మోగుతోంది. అశోక్, అదే బ్యాండులో పాడే పిల్లాడు, ఎప్పుడూ గొంతు చించుకునేవాడు, ఇప్పుడు పక్కింటివాళ్లు లేస్తారేమోనని భయపడుతున్నట్టు పాడుతున్నాడు.

“ఇది డూప్లికేటప్పా!” అన్నాడు ఓబుళప్ప. పట్టుకు రంగులద్దే మనిషి, సంఘానికి కార్యదర్శి. “అంగడోడు మనకు టోపీ పెట్టినాడు. అసలుది ఇట్లుండదు.”

“డూప్లికేటూ కాదు, పాడూ కాదు. బెంగుళూరు కంపెనీవోళ్లు ఈళ్లను కొనేసినారు,” అన్నాడు శ్రీరాములు. “అట్టమీద బొమ్మ చూడు. జుట్లు కత్తిరించుకున్యారు. జుట్టు పోయిందంటే మనిషి పోయినట్టేబ్బా.”

“మన దుడ్లు తిని మనకే జోలపాడతాండారే!” అని ఇంకెవరో అందుకున్నారు. అనుమానాలు అలా ఒకదాని మీద ఒకటి పడుతుంటే, ప్రెసిడెంటుగారు క్యాసెట్టు రెండో వైపుకు తిప్పాడు. అందులో మొదటి పాటకు వాయిద్యాలే లేవు. చెక్క మీద దరువు, అశోక్ గొంతు, అంతే.

‘ఒకటో పోగు వాకిట్లో, రెండో పోగు రచ్చకాడ…’

గంగాధర టేపురికార్డరు మీదికి వంగాడు.

అది ఊళ్లో పాట కాదు, రేడియో పాట అసలే కాదు. అతని భార్య నీలావతి పాట. తనకల్లులో వాళ్ల అవ్వ నేర్పింది. ధర్మవరం చీరకు అంచు వేరే రంగులో పడాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నడుమ బట్ట మగవాడు నేస్తుంటే, ఎడమ అంచుకు నాడెతో పోగు వేసే మనిషి పక్కన ఉండాలి. ఇద్దరి చేతులూ కలవకపోతే అంచు ఒకచోట, బట్ట ఒకచోట. చేతులు అలా కలవడం కోసం నీలావతి ఆ లెక్కపాట సన్నగా గొణుగుతుంది. పెళ్లయినప్పట్నుంచీ అంతే. గుమ్మం దాటి పాడింది లేదు. పరాయివాళ్లు వస్తే టక్కున ఆపేస్తుంది. అలాంటి పాట అశోక్ నోట్లోకి ఎలా వెళ్లింది?

ఎలా వెళ్లిందో గంగాధర మనసు అప్పటికప్పుడే కట్టేసింది. కిందటేడు పెనుకొండలో గడ్డపార కచేరీ జరిగింది. మధ్యాహ్నం వాళ్లు మైకులు సరిచూసుకునే వేళకే గంగాధర అక్కడికి వెళ్లాడు, వాళ్లతో టీ తాగాడు, కబుర్లాడాడు. మర్నాడు అశోక్‌ను ఇంటికి భోజనానికి పిలుచుకొచ్చాడు. పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెట్టి, తాను మటన్ తేవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి నీలావతి వంటింటి గడపలో నిలబడి ఏదో చెబుతోంది, అశోక్ నవ్వుతున్నాడు. ఆ రోజు మురిసిపోయాడు. ఇప్పుడు ఆ నవ్వు తలచుకుంటే ఒళ్లు మండిపోయింది.

సంఘానికి ఏం చెప్పాడు? ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతాడు! టేపురికార్డరు పట్టుకుని లోపలికి వెళ్లి, మగ్గం మీద కూర్చుని, నీలావతి నాడె అందుకోగానే ఆ పాట పెట్టాడు. పెట్టి ఆమె ముఖం వైపు చూశాడు.

నీలావతి చెయ్యి ఆగింది. పాట చివరిదాకా వింది. ముసిముసిగా నవ్వుకుంది.

“బాగుండాదే,” అంది.

ఇంత మాటేనా? నా పాటను వీడెట్లా పాడాడని ఆశ్చర్యపోవద్దూ? కోపగించుకోవద్దూ? గంగాధర అనుమానం పెరిగి చెట్టయి కూర్చుంది. ఆ రోజు నుంచి కనిపెట్టడం మొదలెట్టాడు. ఆమె అంగడికి వెళితే ఏదో పని కల్పించుకుని వెనకే వెళ్లాడు. ఎస్టీడీ బూత్‌లోంచి కదిరిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేస్తుంటే, బయట చెప్పు తెగినట్టు వంగి నిలబడ్డాడు. పక్కింటి యల్లక్కతో ఆమె నవ్వితే ఆ నవ్వెందుకో తేల్చుకోవాలని గోడకు చెవి పెట్టాడు. అయ్యో, ఏం మనిషయ్యా! ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం. అంత ప్రేమ ఆమె మీద, అంత పిరికితనం కూడా.

నీలావతి గుడ్డిదేం కాదు. మొదట గొణగడం తగ్గించింది, తర్వాత మానేసింది. మగ్గం మీద మాటలూ ఆగిపోయాయి. అంచు వంకర్లు పోయింది. గంగాధర ఆమెను తప్పుపట్టలేదు, ఆమె గంగాధరను తప్పుపట్టలేదు. అదింకా భయంగా ఉండింది.

చివరికి ఉండబట్టలేక హిందూపురం బస్సెక్కాడు. దారి పొడుగునా అశోక్‌ను ఏమని కడిగెయ్యాలో వల్లెవేసుకున్నాడు. తీరా వాళ్లింటి ముందు నిలబడితే అశోకే పరుగెత్తుకొచ్చాడు.

“గంగాధరన్నా! నీ పాట విన్యావా?”

“నా పాటేంది?”

“పాట నీదేనని చెప్తే బాగుండదు, నువ్వే కనిపెట్టల్లని ఊరుకున్యా. నువ్వు ఎగురుకుంటా వస్తావనుకుంటే ఇన్నాళ్లు పట్టిందే!”

అశోక్ లోపల్నుంచి పాత క్యాసెట్టు ఒకటి తెచ్చి పెట్టాడు. పెనుకొండ కచేరీకి ముందు మైకులు సరిచూసుకుంటూ పట్టిన టేపు. ‘మగ్గం మీద చేతులెట్లా ఆడతాయో చూపించన్నా’ అంటున్నాడు అశోక్. తర్వాత తొడమీద చేతులు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడుతో పాటే ఒక మగగొంతు, బొంగురుగా, తనలో తాను గొణుక్కుంటూ ‘ఒకటో పోగు వాకిట్లో…’

తన గొంతే! చేతులు ఆడించమంటే ఆడించాడు. ఇన్నేళ్లుగా ఆ చేతులకు ఆ పాట అంటుకుపోయి ఉంది గనుక నోరు దాని దారిన అది పాడేసింది. పాడుతున్నట్టు అతనికే తెలియదు.

బస్సులో తిరిగొస్తూ గంగాధర ఎంత సంబరపడ్డాడో చెప్పలేం. కిటికీలోంచి కనబడిన ప్రతి మనిషినీ పిలిచి చెప్పాలనిపించింది. మల్లెపూలు కొన్నాడు, ఇంట్లో అడుగు పెడుతూనే అరిచాడు.

“మే నీలా! ఆ పాట నేనే పాడినానంట మే! పెనుకొండలో! నాకే తెల్దు చూడు!”

నీలావతి బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

“నాకు ఆ పొద్దే తెల్సు.”

“నీకెట్లా తెల్సు?”

“మా అవ్వ పాటలో ఏడో పోగు ఉండాది. నువ్వు నా పక్కన గొణుగుతా ఎప్పుడూ దాన్ని మింగేస్తావు. నేను కలుపుకుంటా పోతా. ఆ పిల్లోడు పాడిన దాంట్లోనూ ఏడోది ల్యా. నీ నోట్లోంచి పోయిందే అని నవ్వుకున్యా.”

గంగాధర చేతిలో పూలపొట్లం అలాగే ఉండిపోయింది.

“మరి చెప్పల్యా?”

“చెప్దామనే చూస్తి. నువ్వు నా ముఖం చూస్తాంటివి, దొంగను చూసినట్టు. అడిగింటే చెప్పేదాన్ని. నువ్వు అడగల్యా, కాపలా కాసినావు.”

“తప్పయిపోయింది మే…”

“యల్లక్కకు ఎడమ అంచుకు మనిషి కావల్లంట. రేపట్నుంచి ఆ మగ్గం మీద కూచుంటా.”

“మరి మన చీరో? సగంలో ఉండాదే!”

నీలావతి చేట పట్టుకుని లేచింది.

“నీకు పాట వచ్చు గదా,” అంది. “పాడుకుంటా నేసుకో.”