మూల చిరిగిన కార్డు

నీలమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. ఇబ్రహీంపట్నంలో ఆమెను ఎరిగిన ఎవరినడిగినా మొదట ఈ మాటే చెప్పేవాళ్లు. అన్నం ఉడికేలోపు వాకిలి దాకా నాలుగుసార్లు తిరిగొచ్చేది. అలాంటి మనిషికి 1944లో మద్రాసు నుంచి టపాలో వచ్చిన పాఠం ఏమిటయ్యా అంటే, పిల్ల పని చేసుకుంటుంటే పక్కన కూర్చో, గంటసేపు చూడు, చెయ్యి మాత్రం పెట్టకు! అయ్యో రామ! ఆమె తన చేతుల మీద తానే కూర్చుని చూసేది.

ఆ పిల్ల ఆమె కూతురు బుచ్చి. ఐదేళ్లు నిండినా మాట సరిగా రాదు. బడిపంతులు నాలుగు రోజులు చూసి, రెండు తగిలించి, మొద్దు అని ఇంటికి పంపేశాడు. నీలమ్మకు కడుపు మండిపోయింది. మద్రాసులో అచ్చాఫీసులో పనిచేసే ఆమె అన్న సంజీవ, మాంటిసోరీ పద్ధతిని ఉత్తరాల మీద నేర్పే ఒక తెలుగు పంతులమ్మ దగ్గర చెల్లెలి పేరు రాయించాడు. పది పాఠాలు, పది జవాబులు, చివర పరీక్ష, ఆపైన సర్టిఫికెట్. అది తెచ్చి చూపిస్తే తన దొడ్డిలోని కొట్టం చిన్నపిల్లల బడికి ఇస్తానని పటేలు ఈశ్వరయ్య మాటిచ్చాడు. పిల్లలను కొట్టని బడి. నీలమ్మ ప్రాణాలన్నీ దాని మీదే ఉన్నాయి.

అత్త నర్సింహమ్మకు మాత్రం ఈ సంగతి తెలియదు. కోడలు పంతులమ్మ అవుతుందంటే ముసలావిడ ఇల్లు పీకి పందిరేస్తుందని నీలమ్మ భయం. మద్రాసు నుంచి ఏ కవరు వచ్చినా “మా అన్న రాసిండు అత్తమ్మా” అనేది. భర్త మల్లేశయ్యకు తెలుసు. “నన్ను నడుమ ఇరికియ్యకు” అని నాగలి భుజానేసుకుని వెళ్లిపోయేవాడు.

అట్టముక్కల మీద గంజి పూసి, ఇసుక చల్లి, నీలమ్మ అక్షరాలు చేసింది. బుచ్చి వాటిని వేలితో తడిమేది. ఒకనాడు చెంబులోంచి గిన్నెలోకి నీళ్లు ఒంపుతూ సగం నేలపాలు చేసింది. రెండోసారీ అంతే. నీలమ్మ నాలుక కరుచుకుని ఊరుకుంది. మూడోసారి చుక్క కూడా పోలేదు. “అమ్మా, సూడు” అంది పిల్ల. ఆ రెండు మాటలూ తొమ్మిదో జవాబులో రాస్తుంటే నీలమ్మకు ఏడుపాగలేదు.

పరీక్ష ప్రశ్నలు కార్డు మీద వస్తాయని, జవాబు దుర్గాష్టమికి, అంటే సద్దుల బతుకమ్మ నాటికి మద్రాసు చేరాలని పదో పాఠంలో ఉంది. ఇక చూడాలి ఆమె అవస్థ! రోజూ టపా తెచ్చే సాయన్నకు ఎదురెళ్లి నిలబడేది.

“వచ్చిందా అన్నా?”

“వస్తే నేను దాసుకుంటనా చెల్లె? నీ ఫికర్ పాడుగాను, జర ఇంట్ల కూసో!”

పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ మధ్యాహ్నం నీలమ్మ చేనికి సద్ది ఇచ్చి తిరిగొస్తుంటే తమ ఇంట్లోంచే శోకాలు వినబడ్డాయి. గడప బయట నర్సింహమ్మ తడిబట్టలతో, జుట్టు విరబోసుకుని నేల కొట్టుకుంటోంది. “ఓ కొడుకా సంజీవా! ఎంత పని జేస్తివి కొడుకా!”

నీలమ్మ అత్త భుజాలు పట్టుకుంది. “ఎవ్వలు జెప్పిన్రు అత్తమ్మా?”

“మద్రాసు కార్డని సాయన్న వాకిట్ల ఏసిపోయిండు బిడ్డా. మూల చిరిగి ఉంది. గడప దాటనిస్తనా? చింపి పెంట మీదేసి, నీళ్లు గుమ్మరిచ్చి, తానం జేసిన.”

మూల చింపిన కార్డంటే చావు కబురని ఊళ్లో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. దాన్ని ఇంట్లోకి తేరు. నీలమ్మ గుండెలు బాదుకుంది. అంతలోనే అది పరీక్ష కార్డేమోనని అనుమానం వచ్చి పెంట దగ్గరికి పరుగెత్తింది. తడిసిన ముక్కల మీద సిరా అంతా అలుక్కుపోయింది. ఒక్క ముక్క మీద మాత్రం ‘రెండవ ప్రశ్న’ అని ఉంది. పంతులమ్మ చేతిరాత! దారిలో మూటలో పడి ఎక్కడో మూల చిరిగినట్టుంది, అంతే. అన్న బతికే ఉన్నాడు! నీలమ్మ నవ్వింది. పరీక్ష గుర్తొచ్చి ఆ పెంట దగ్గరే కూర్చుని ఏడ్చింది.

ఇక దాచి లాభం లేదు. అంతా చెప్పేసింది. నర్సింహమ్మ ముక్కు చీది లేచి నిలబడింది.

“అంటే నేను ఉత్తగనే ఏడ్చిన్నా? ఏడాది సంది నా ముంగట అబద్ధమాడినవ్. చదువు రాదు గని నాకు చెవులు గూడ లేవా? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కార్డును బంగారమోలె దాసిపెడ్తుంటి గదనే!”

ఆ సాయంత్రం నీలమ్మ పంతులమ్మకు జరిగింది జరిగినట్టు రాసింది. “నేనే చింపిన అని రాయి. పిలగాడు పోయిండనుకొని చింపిన అని గూడ రాయి” అని నర్సింహమ్మ ఎదురుగా కూర్చుని చెప్పింది.

జవాబు పండుగ వెళ్లిన ఆరోనాడు వచ్చింది. బాధగానే ఉంది, కానీ మీ ఉత్తరం అందేసరికే గడువు దాటింది, నియమం ఒకరి కోసం మార్చలేను, వచ్చే ఏడు మొదటి పాఠం నుంచి మళ్లీ రాయండి అని ఉంది. నీలమ్మ పైకే చదివి వాకిట్లో అటూ ఇటూ తిరగసాగింది. కోపం అత్త మీదో, కార్డు మీదో, తన మీదో ఆమెకే తెలియదు.

“ఏడాది అత్తమ్మా! ఒక ఏడాది మట్టిల కలిసింది! నువ్వు ఒక్కరినన్న అడిగి చింపితే పోయేదా?”

“అడగకపోవుడు నా తప్పే” అంది నర్సింహమ్మ. “గని నీ అన్నకు చావొచ్చిందనుకున్న గదనే. ఆని పేరు అడ్డం పెట్టుకున్నది నువ్వు. నేనా?”

నీలమ్మ తిరగడం ఆపింది. లోపలికెళ్లి కాగితం తెచ్చుకుని, తన పేరు మళ్లీ రాసుకొమ్మని మద్రాసుకు ఉత్తరం మొదలుపెట్టింది. ఈసారి వాకిట్లోనే, అందరి ముందూ కూర్చుని రాసింది.