గోడ నిలబెట్టమన్న మా అత్త

మా అత్త పోయిందని కోవిల్‌పట్టి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను విరుదునగర్‌లో ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమె ఉండే ఇల్లు కాదు, అద్దెకిచ్చిన పాత పెంకుటిల్లు. వీధివైపు గోడ బీటలిచ్చి ముందుకు ఒరిగితే, బరువు తగ్గించడానికని మేస్త్రి పైన పెంకులు దించుతున్నాడు. నా చేతిలో ఫోను చూసి పైనుంచే అడిగాడు: "పెద్దమ్మ ఏం చెప్పిండాది?" పని జరిగేటప్పుడు వచ్చే ఫోన్లన్నీ ఆమెవే మరి. "ఇంకేం చెప్పదు" అన్నాను.

ఆమె మా నాన్నకు అక్క. మామయ్య పోయాక పుదూరు దగ్గరి మెట్టచేను అమ్మేసి కోవిల్‌పట్టిలో రెండు, విరుదునగర్‌లో ఒకటి పాత ఇళ్లు కొన్నది. పాతవైతే చవగ్గా వస్తాయి, బాగుచేయించి అద్దెకివ్వచ్చని ఆమె ఆలోచన. చేను అమ్ముకుని బాగుపడినవాళ్లు ఎవరున్నారని చుట్టాలు నవ్వారు. ఆమె జవాబు నాకింకా చెవుల్లో ఉంది. "చేనుంటే వాన రాలేదని ఏడ్చాల, ఇల్లుంటే వాన వచ్చెనని ఏడ్చాల. ఏడుపు తప్పేది లేదు పాపా, నీడలో కూసోని ఏడుద్దాం."

నిజంగానే ఏడిపించాయి ఆ ఇళ్లు. మా నల్లరేగడి సంగతి తెలియనివాళ్లకు చెబుతున్నాను: ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దానిమీద ఉన్న గోడ దానితోపాటు కదలాల్సిందే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు మా అత్త ఎదురుపడి ఉంటే, పాత ఇల్లు కొని చూడు అని మూడోది కూడా చేర్చేవారు.

శివకాశి అచ్చాఫీసులో పనిచేసే నాకు ఆదివారమొక్కటే సెలవు. ఆ ఆదివారాలన్నీ ఆమె వెనక తిరగడానికే పోయాయి. కొత్త మేస్త్రి ఎవరైనా తాను ఈమధ్య కట్టిన ఇల్లు చూపిస్తానంటే ఆమె కదిలేది కాదు. "కొత్త పెళ్లికూతురు ఎవురికైనా బాగానే కనపడతాది. రెండు వానలు తిన్న ఇల్లు చూపించు" అనేది. అక్కడికి వెళ్లాక ఇంటాయనతో మాట్లాడకుండా నేరుగా వంటింట్లోకి పోయి, వానకు ఎక్కడ కారుతోందో ఆడమనిషిని అడిగేది. దాహమని చెంబుడు నీళ్లు తెప్పించుకుని, కాసిని తాగి, మిగిలినవి నేలమీద పోసి ఏ మూలకు పోతాయో చూసేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది.

గోడ పగిలితే వెంటనే పూత పూయనిచ్చేది కాదు. ఆమె సంచిలో ఎప్పుడూ విరిగిన గాజుముక్కలుండేవి. పగులుకు అడ్డంగా ఒక ముక్కను పెట్టి రెండు కొసలూ సిమెంటుతో అతికించేది. ముక్క విరిగిందంటే గోడ ఇంకా కదులుతోందని అర్థం. "కదిలేదాని మింద సున్నం కొడితే ఏం లాభం? ఏడ్చే బిడ్డకి పౌడరు పూసినట్టు" అనేది. పనివాళ్లకు టీ మాత్రం తనే పోసేది. టీ తాగేటప్పుడు మేస్త్రి అబద్ధం చెప్పడని ఆమె నమ్మకం.

ఇప్పటి మేస్త్రిని పెట్టుకున్న కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తరాల కిందటే తమిళదేశం చేరిన తెలుగువాళ్లం, మావాళ్లకొక అలవాటుంది. బయట తమిళం, గుట్టుమాటకు తెలుగు. తెలుగులో ఏమన్నా పక్కవాళ్లకు తెలియదని పెద్ద ధీమా. మొదటిరోజు అత్త అతనితో తమిళంలో తీయగా మాట్లాడి, నావైపు తిరిగి, "ఈడికి నోరే పనిచేస్తాది, చెయ్యి చెయ్యదు. గోడ వరకూ చేయించి పంపించేద్దాం. పైకప్పుకి వేరేవాణ్ణి చూడు" అంది. అతను తాపీ కడుక్కుంటూ, "ఆ వేరేవాడు వచ్చేదాంక నేను ఉండేదా, పోయేదా పెద్దమ్మా?" అన్నాడు, అచ్చం మా ఇంటి తెలుగులో. వాళ్లదీ ఒట్టపిడారం పక్క తెలుగిల్లే. అత్త, "ముందే చెప్పకూడదా నాయనా, మొగం మిందే తిట్టిందును కదా!" అంది. ఆ తరవాత మూడిళ్లకూ అతనే.

విరుదునగర్ ఇంట్లో అద్దెకుండేది శివకాశి టపాసుల ఫ్యాక్టరీకి వ్యానులో వెళ్లివచ్చే ఒకామె. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు. గోడ ఒరిగినప్పుడు, ఇల్లు పడగొట్టి స్థలం అమ్మేయమని అందరూ అన్నారు. అత్త వినలేదు. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట. "మొగుడు లేనిదానికి ఎవురిస్తారు ఇల్లు? నేను తిరిగి చూసిండాను. గోడ నిలబెట్టు పాపా." నిలబెడతానన్నాను. ఆమె చెయ్యి నా చేతిలో ఉంది, ఇంకేమనగలను?

ఆమె పోగానే మేస్త్రి పని ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు. యజమానురాలు పోతే కర్మ అయ్యేదాకా ఆ ఇంటిమీద తాపీ పెట్టకూడదని అతని పట్టింపు. కప్పుమీద టార్పాలిన్ కట్టి, కోవిల్‌పట్టి వచ్చి పాడె మోశాడు. ఆ రోజుల్లోనే వాన పట్టుకుంది. ఎవరిని తప్పుపట్టను? కర్మ ముగించుకుని మేం వెళ్లేసరికి గోడ నీళ్లు తాగి వీధిలోకి వంగి ఉంది. మేస్త్రి దాన్ని చేత్తో తట్టి, నా మొహం చూడకుండా, "ఇంక నిలబడదు చిన్నమ్మా. పిల్లలుండే ఇల్లు" అన్నాడు. ఇంకొక మేస్త్రిని పిలిచాను. అతనూ అదే అన్నాడు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, అత్త మీదే. ఇళ్లు నాకిచ్చి, తన నోరు మాత్రం తీసుకుని పోయింది.

పడగొట్టమని చెప్పింది నేనే. అద్దెకున్న ఆమె తిరిగి తిరిగి పక్క వీధిలో ఒక గది సంపాదించుకుంది. అందులో పట్టని సామాను మా కోవిల్‌పట్టి ఇంట్లో ఉంది.

మేస్త్రి ద్వారబంధాన్ని ముందుగానే తలుపులతో సహా ఊడదీసి ఎదురింటి గోడకు ఆనించాడు. ఇల్లు నేలమట్టమయ్యాక వచ్చిన శుక్రవారం, పనికి పోయేముందు పొద్దున్నే నేను వెళ్లేసరికి అద్దెకున్న ఆమె అక్కడ ఉంది. వీధి చివర ఫ్యాక్టరీ వ్యాను హారన్ కొడుతోంది. ఆమె వంగి గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతోంది. గడప దాటితే ఎదురింటి గోడే. బొట్లు పెట్టడం అయ్యాక లేచి, తలుపులు దగ్గరికి లాగి మూసి, వ్యాను వైపు పరుగెత్తింది.