గైరమ్మ గుర్తుపట్టిన కోక

మా మామ్మ అప్పలకొండ నన్ను "ఏటే ఎదవా" అంటుంది. అదే నోటితో తన గేదెని మాత్రం "గైరమ్మా, రా తల్లీ" అని పిలిచేది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ వెనక రేకుల పాకలో ఉండేది గైరమ్మ. ఊళ్లో పాలు అమ్మేవాళ్లు గేదెల్ని పడుకోనివ్వనంత పొట్టి తాళ్లతో కడుతున్నారని మామ్మ వార్డు మెంబరు ప్రాణం తీసింది. చివరికి మున్సిపాలిటీ మీటింగుకి పిలిచారు.

"దాదా, నిన్నా కుర్చీకి కట్టేత్తే ఎలాగుంటాది?" అంది అక్కడ కుర్చీలో ఉన్న బెంగాలీ బాబుతో.

అందరూ నవ్వారు. అయినా రూలు వచ్చింది. పశువు పడుకుని, ఇటూ అటూ తిరిగేంత జాగా ఉండాలని.

కొలిచేవాళ్లు మా పాకకీ టేపు పట్టారు. గైరమ్మ తిరగబోతే కొమ్ము రేకుకి తగిలింది.

"ఈ రూలు తెచ్చింది మీరే కదా మాసీమా, మీది వదిలేస్తాం" అన్నాడు కొలవడానికొచ్చిన బెంగాలీ ఆయన.

"నాదొదిలేసి ఇంకోడిది ఎలాగ అడుగుతావు బాబూ?" అంది మామ్మ.

అలా గైరమ్మ ఇందా పేట అవతల పెద్ద పెరడున్న మాలతి అనే ఆవిడ ఇంటికి వెళ్లింది. వెళ్లిందేగాని చుక్క పాలు ఇవ్వలేదు. మామ్మ తాను పాలు పిండేటప్పుడు కట్టుకునే తవుడు మరకల కోక పంపింది.

"ఇది కట్టుకుని పిండమను. నా వోసనకి సేపుతాది."

నిజంగానే చేపింది, పాలు ధారకట్టాయి.

ఆదివారం మామ్మని సైకిలెక్కించుకుని గైరమ్మని చూపించడానికి తీసుకెళ్లాను. పెళ్లికి వెళ్తున్నట్టు గంజి పెట్టిన కొత్త చీర కట్టింది. "గైరమ్మా" అని పిలిచింది. అది తలెత్తి చూసింది. ఆ పెరట్లో హాయిగా గిర్రున తిరిగి, పాత కోకలో ఉన్న మాలతి దగ్గరికి పోయి కొంగు నాకింది.

"నా కోకని గుర్తట్టిందే. నన్ను పట్టనేదు."

"గేదె దగ్గరికి సింగారించుకుని ఎవరు రమ్మన్నారు?" అన్నాను.

ఇంకెప్పుడైనా అయితే వీపు మీద ఒక్కటిచ్చేది. ఆ రోజు ఇవ్వలేదు. ఇల్లు దగ్గరపడ్డాక వెనక నుంచి అడిగింది:

"ఆ మాలతి, కోక ఉతికేత్తే ఎలాగే?"

అప్పట్నుంచి, మళ్లీ మాలతికి పంపడానికని, ఒకటే కోక కట్టుకుని తిరుగుతోంది. సబ్బు తీస్తే నా చెయ్యి విరిచేస్తానంటోంది. మేం ముక్కు మూసుకుని అన్నం తింటున్నాం. సాయంత్రమైతే చాలు, ఖాళీ పాకలోకి పోయి కూర్చుంటోంది. కోకకి ఆ వాసన పట్టాలట.