అటక కట్టిన మా కోడలు

మా కోడలు శైలజ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా కూర్చుంటే మా వైపు మనుషుల గొప్ప ఎవరికీ తెలియదని నేనే కలం పట్టాను. నా పేరు నారాయణమూర్తి. మా ఊరి బళ్లో ఏడో తరగతి వరకు చదివాను. ఆ ఏడేళ్లూ దస్తూరిలో మొదటి బహుమతి నాదే. చీపురుపల్లికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. వరి, నువ్వులు పండిస్తాం. మండలంలో ఉత్తమ రైతుగా రెండుసార్లు శాలువా కప్పించుకున్నాను.

శైలజది గరివిడి పక్క ఊరు. పదో తరగతిలో ఐదు వందల ఇరవై రెండు మార్కులు. విజయనగరంలో కంప్యూటర్ డిగ్రీ, ఫస్టు క్లాసు. త్రోబాల్‌లో జిల్లా జట్టుకి ఆడింది. మా ఇంటికి వచ్చిన రెండో ఏడు చీపురుపల్లి స్టేషను రోడ్డులో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు తెరిచింది. మా ఊళ్లో సగం మందికి ఆధార్‌లో పుట్టిన తేదీ సరిచేయించింది ఆ పిల్లే. ఇవన్నీ ఒక ఎత్తు. పోలెండు దేశంలో కూడా దాని పేరు తెలిసిన మనుషులున్నారంటే, అది అటక వల్ల.

అటకంటే ఏమిటో చెబుతాను.

నాలుగేళ్ల కిందట మా అబ్బాయి తిరుమలరావు ట్రాక్టరు తొట్టి మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. మూడు నెలలు మంచం మీదే. పొద్దు పోవడం లేదని గోల పెడితే శైలజ తన పాత లాప్‌టాప్ వాడి ఒళ్లో పెట్టింది. అందులో రైలు నడిపే ఆట ఒకటుంది. ఆట చేసిన కంపెనీవాళ్లు ఇచ్చినవి పరాయి దేశాల పట్టాలు. కానీ ఆడేవాళ్లే మన స్టేషన్లు, మన పెట్టెలు, మన కూతలు తయారుచేసి ఊరికే పంచుకుంటారు. వాటిని తెచ్చి ఆటకి కలుపుకోవచ్చు. మోడ్లు అంటారు వాటిని.

చిక్కంతా ఆ కలపడంలోనే ఉంది. అందరి ఫైళ్లూ ఒకే చోట పోస్తే ఒకరిది ఇంకొకరి దాని మీద పడుతుంది. ఉన్నట్టుండి వంతెన మాయమౌతుంది, రైలు గాల్లో వేలాడుతుంది, ఆట తెరుచుకోదు. "ఒసే శైలూ, మళ్లీ పోయిందే!" అని మావాడు రోజుకి నాలుగుసార్లు కేక పెట్టేవాడు. అది వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి బాగుచేసి వెళ్లేది.

ఒకరోజు నా దగ్గరకొచ్చి కూర్చుంది. "మావయ్యా, భోజనాలప్పుడు అందరి గిన్నెలూ కలిసిపోతాయి కదా. మీరు ఎలా విడదీస్తారు?"

సరైన మనిషినే అడిగింది. మా ఊళ్లో పెళ్లయినా, పెద్దకార్యమైనా సామాను అద్దెకి తేవడం లేదు. గుండిగలు, గంగాళాలు, గరిటెలు ఇంటింటి నుంచీ వస్తాయి. వాటిని తిరిగి చేర్చే పని నలభై ఒక్క ఏళ్లుగా నాది. ఒక్క గరిటె పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ప్రతి గిన్నె అంచు మీద ఇంటిపేరు చెక్కి ఉంటుంది. నేను పీట వేసుకుని ఇంటిపేరుకో కుప్ప పెట్టిస్తాను. ఒక ఇంటిపేరు గిన్నెలన్నీ ఆ ఇంటిపేరు వాళ్లలో పెద్దాయన వాకిట్లోకి పోతాయి. అన్నదమ్ములు, పాలివాళ్లు అక్కడ పంచుకుంటారు. ఎవరిది ఏదని నేను లోతుకి పోను. గంటలో పని అయిపోతుంది. ఇదంతా దానికి పూసగుచ్చినట్టు చెప్పాను.

కొట్టుకి మనుషులు రాని వేళల్లో కూర్చుని రెండు నెలలు ఒక ప్రోగ్రాం రాసింది. తయారుచేసినవాళ్ల పేరుని బట్టి మోడ్లని మూటలు కట్టి ఉంచుతుంది అది. కావలసినప్పుడు ఆటలోకి దింపుతుంది, అక్కర్లేనప్పుడు పైకెక్కిస్తుంది. ఎప్పటికీ వద్దనుకుంటే 'తీసెయ్' అని ఇంకో మీట ఉంది. ఆట సొంత ఫైళ్ల జోలికి పోదు. అటక అని పేరు పెట్టి దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. రెండేళ్లలో పదకొండు వేల మంది తీసుకున్నారు. పోలెండు నుంచి ఒకాయన తన ఊరి స్టేషను ఫోటో పంపి కృతజ్ఞతలు రాశాడు. దాన్ని పటం కట్టించి నా శాలువా ఫోటోల పక్కన తగిలించాను.

కిందటి శ్రావణంలో నేను అన్నం క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్లేసరికి ఒక పెద్దమనిషి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి.

"అటక కట్టింది నువ్వేనా అమ్మా?"

"అవునండి. లోపలికొచ్చి కూర్చోండి."

"కూసోడానికి రానేదమ్మా. నా నాలుగేళ్ల పని నీ అటకలోంచి పోనాది. ఫోన్లో అయితే నోరు జారతానేమోనని మనిషినే ఒచ్చినాను."

ఆయన పేరు గణపతిరావు. నౌపడా మనిషి, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయాడు. నౌపడా నుంచి గుణుపూరుకి పూర్వం చిన్న పట్టాల బండి నడిచేది. ఆ పట్టాలు తీసేసి పెద్ద లైను వేశారు. ఆయన పెదనాన్న కొడుకు అసిరయ్య ఆ బండి ఇంజనుకి బొగ్గు వేసిన మనిషి. ఆయన్ని అడిగి అడిగి, మలుపు మలుపూ రాసుకుని, గణపతిరావు ఆ లైనంతా ఆటలో మళ్లీ వేశాడు. విజయనగరంలో ఇంకొకాయన రైలు కూతలు తయారుచేస్తాడు. ఇద్దరిదీ గురుగుబెల్లి ఇంటిపేరే, చుట్టరికం లేదు. కూత నచ్చక గణపతిరావు దానికి 'తీసెయ్' నొక్కాడు. కూతతో పాటు గుణుపూరు దాకా లైనంతా పోయింది.

మా తిరుమలరావు ఆ రోజు కొట్టులోనే ఉన్నాడు. "మళ్లీ సేసుకోవచ్చు కదా బాబాయ్?" అన్నాడు.

"ఎవుల్ని అడిగి సేస్తానురా? అన్నియ్యకి పొద్దున్న తిన్నదే గేపకం ఉండట్లేదు. ఒక్కసారి సెప్పినాడు, రాసుకున్నాను, ఆ కాగితాలు చెదలు పట్టేసినాయి. కంప్యూటర్లో ఉన్నాది కదాని ఊరుకున్నాను."

శైలజ తను రాసినదాన్ని తెరిచి పైనుంచి కిందికి చూసుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. తయారుచేసినవాళ్ల ఇంటిపేరు ఒకటైతే ఒకే కుప్ప అని రాసుకుంది.

"తప్పు నాది బాబాయ్‌గారూ," అంది.

మావాడు గొంతు తగ్గించి, "ఒసే, కంప్యూటర్ తప్పని సెప్పరాదేటే," అన్నాడు.

"నేను రాసిందే అది చేసింది."

"ఏటమ్మా, ఆ పద్ధతి నాను సెప్పిందే కదా," అన్నాను.

"మన ఊళ్లో అది ఒప్పే మావయ్యా. ఊరు దాటించింది నేను."

ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో పెట్టేసింది: 'అటక వాడడం ఆపండి. ఒకే ఇంటిపేరున్న ఇద్దరి ఫైళ్లను ఇది ఒకరివే అనుకుంటుంది. తప్పు నాది. సరిచేసి చెబుతాను.' కొందరు తిట్టారు. తిట్టినవాళ్లందరికీ పేరు పేరునా జవాబు రాసింది.

గణపతిరావు కంగారులో ఆటని మూడుసార్లు చెరిపి మళ్లీ ఎక్కించుకున్నాడట. ఆయన కంప్యూటర్లో తవ్వితే దొరకడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది ఒక్కటే, అటక దాచుకున్న జాబితా. ఆ లైనులో ఆరు వందల పన్నెండు ఫైళ్లు. ఒక్కో దానికి పేరు, పక్కన వేలిముద్ర లాంటి అంకె. ఎక్కడ నుంచి ఫైలు దొరికినా ముద్ర చూసి అదో కాదో చెప్పవచ్చు. నాలుగేళ్లలో ఆయన ముక్కలు ముక్కలుగా చాలామందికి చూడమని పంపాడు.

"అందరి దగ్గరా పోగుచేస్తాను," అంది.

"ఆరు వందలే అమ్మా!" అన్నాడాయన.

"ఒక్కొక్కటే కదండి."

రోజూ కొట్టు తెరవకముందు పదేసి ఉత్తరాలు రాసేది. గోడకి పెద్ద కాగితం అతికించి గళ్లు గీసింది. వచ్చినదానికి టిక్కు పెట్టే పని నాకిచ్చింది, నా దస్తూరి బాగుంటుందని. బరంపురం మాస్టారొకాయన టెక్కలి స్టేషనంతా పంపాడు. ఖరగ్‌పూర్ నుంచి గేట్లు, స్తంభాలు వచ్చాయి. పోలెండు ఆయన దగ్గర వంతెన ఒకటి చెక్కు చెదరకుండా ఉంది. కొన్నింటికి ముద్ర కలవలేదు. "ఇది మీరు మార్చినదండి, మార్చకముందుది ఉందా?" అని మళ్లీ అడిగేది. ఇదే చేత్తో అటకనీ తిరగరాసింది. ఇప్పుడు ఎవరి మూట వాళ్లదే. 'తీసెయ్' అన్నా ఆ మూటని ముప్పై రోజులు పైనే దాచి ఉంచుతుంది.

ఇరవై మూడు రోజులకి ఐదు వందల అరవై దాటాయి. చెట్లు, కంచెలు తాను మళ్లీ నాటుకుంటానన్నాడు గణపతిరావు. కానీ టెక్కలి దాటాక ఒక చిన్న స్టేషను ఎవరి దగ్గరా లేదు. ఆయన ఆఖరున కట్టింది అదే, ఇంకా ఎవరికీ పంపలేదు. అక్కడ పట్టాలు బోడి నేలలోంచి పోతున్నాయి.

"అన్నియ్యని అడిగి సూసినాను. ఏ టేసనురా అంతన్నాడు," అన్నాడు ఫోన్లో.

"అడగొద్దు బాబాయ్‌గారూ. ఆయన్ని బండి ఎక్కిద్దాం," అంది శైలజ.

మర్నాడు పొద్దున్నే పాసింజరు పట్టుకుని నేనూ, శైలజా నౌపడా వెళ్లాం. గణపతిరావు మమ్మల్ని వాళ్ల అన్నయ్య ఇంటికి తీసుకెళ్లాడు. అసిరయ్య అరుగు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లు. నేనెవరినని మూడుసార్లు అడిగాడు. శైలజ స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, ఏమీ చెప్పకుండా నౌపడాలో బండి కదిల్చింది. కూత వినగానే ముసలాయన తల లేచింది. టెక్కలి దాటేసరికి ముందుకి వంగాడు. బోడి నేల వచ్చింది.

"ఒసే ఆపు, ఆపు! నీళ్లు పట్టకండా ఎల్లిపోతన్నావేటే?"

శైలజ ఆపింది. "ఎక్కడ పట్టాలి తాతా?"

"ఎడం పక్కన తొట్టి కనపడతా లేదేటి? మూడు కాళ్ల తొట్టి. నాలుగోది ఇరిగితే దుంగ ఆనించినారు కదా."

గణపతిరావు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "దుంగ సంగతి నాకు ఎప్పుడూ సెప్పలేదు," అన్నాడు నాతో.

శైలజ అక్కడే కూర్చుని తొట్టి నిలబెట్టింది. తర్వాత బండిని మళ్లీ టెక్కలి నుంచి తెచ్చింది. ఆయనకి మొదటిసారి వచ్చింది గుర్తు లేదు, కొత్తగా కసురుకున్నాడు, "దీపం ఏదే? ఆ దీపం లేకపోతే గంగులు డ్రైవరు ఊరుకుంతాడేటి?" దీపం పెట్టింది. ఇంకోసారి తెస్తే పెంకుల గది గుర్తొచ్చింది. ఇంకోసారి తెస్తే రెండో పట్టా. అడిగితే ఒక్కటీ రాలేదు. లేదని చూస్తే మటుకు తిట్టి మరీ చెప్పాడు. మధ్యాహ్నం భోజనం కూడా అరుగు మీదే కానిచ్చాం. పద్దెనిమిదిసార్లు తెచ్చింది బండిని. ఒక్కసారి కూడా విసుగు పడలేదు. నలభై ఒక్క ఏళ్లు గిన్నెలు సర్దినవాడిని, అంత ఓపిక నాకు లేదని ఇక్కడ రాసి పెడుతున్నాను.

పంతొమ్మిదోసారి బండి వచ్చి తొట్టి పక్కన ఆగింది. మేం ముగ్గురం ఆయన మొహంలోకి చూస్తున్నాం. ఆయన స్టేషనంతా ఒకసారి కలియచూశాడు. ఏమీ అనలేదు.

"ఇంకేటైనా ఉండాలేటి అన్నియ్యా?" అన్నాడు గణపతిరావు.

అసిరయ్యకి కోపం వచ్చింది. "ఏటుండాల? నీళ్లు నిండినాయి, సిగ్నలు పడింది, ఇంకా నిలబెట్టినారేటి?" శైలజ వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "పోనీ తల్లీ. ముందర మలుపున్నాది, నెమ్మది."

శైలజ బండి కదిల్చింది, ఆయన చెప్పినట్టే మలుపులో నెమ్మదిగా.