ఎండాకాలంలో హీటరు

పదకొండేళ్ళుగా ఎండాకాలం మధ్యాహ్నాల్లో అతను హీటరు వేసుకుని బండి నడుపుతున్నాడు. పిచ్చి కాదు, ఉద్యోగం. పికప్పు ముసలిది. రేడియేటర్లో సగం గొట్టాలు పూడుకుపోయాయి. రోడ్డు తవ్వే కంప్రెసర్‌ని వెనక తగిలించి కొండెక్కిస్తే, ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతుంది. అప్పుడు హీటరు పూర్తిగా తిప్పితే ఆ వేడిలో కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ఇంజను బతికిపోతుంది. క్యాబిన్‌లో ఉన్నవాడి సంగతి ఎవరికీ పట్టదు.

రేడియేటరు మార్పించమని మొదట్లో రెండుసార్లు అడిగాడు. "నువ్వుండగా దానికి రేడియేటరెందుకు మామా" అని నవ్వాడు యజమాని. షెడ్డంతా నవ్వింది. అతనూ నవ్వాడు. దాంతో ఆ మాట అటకెక్కింది. చూపెప్పుడూ ఆ ముల్లు మీదే కాబట్టి 'ముల్లు మామ' అన్న పేరు మాత్రం మిగిలింది.

ఇంట్లో చెప్పలేదు. చొక్కా మీద ఉప్పు చారలు చూసి భార్య ఎండదెబ్బ అనుకునేది. పొయ్యి దగ్గరికి పిలిస్తే రాడని, ఒళ్ళు వంగని మనిషని దెప్పేది. ఈ మధ్య నడుంనొప్పి ఎక్కువైతే డాక్టరమ్మ పరీక్షలు చేయించి, కిడ్నీలు దెబ్బతింటున్నాయి, వేడికి దూరంగా ఉండాలి అంది. "వంటింటి ఛాయలకే రాడండీ" అని భార్య హామీ ఇచ్చింది. అతను గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మరుసటి వారం కొండమీది చెల్లెలింటికి వెళ్ళాలని, బస్సు తప్పిపోతే, భార్య ఆ పికప్పే ఎక్కింది. ఆమె వైపు అద్దం నాలుగువేళ్ళు దిగి ఆగిపోయింది. కొండ ఎక్కుడు మొదలవగానే అతను గేరు తగ్గించి హీటరు తిప్పాడు. కాళ్ళమీదికి పొయ్యిలోంచి వచ్చినట్టు గాలి కొట్టింది. పొరపాటున తిప్పాడేమోనని ఆమె కట్టేసింది. అతను మళ్ళీ తిప్పాడు. ఆమె మళ్ళీ కట్టేసింది. ముల్లు ఎగబాకింది.

"ముట్టుకోకు" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు ఆమె వినలేదు.

అప్పుడు అతన్ని పరకాయించి చూసింది. మెడ కందిపోయింది, చెమట పట్టడం మానేసింది. ఆపమంది. ఎక్కుడులో ఆగితే బండికున్న జీపీఎస్ వల్ల ఆఫీసు తెరమీద కనిపిస్తుంది, ఫోనొస్తుంది అన్నాడు. ముందు కొండ, వెనక కంప్రెసరు, జేబులో ఫోను. ఏ వైపూ దారి లేని మనిషి స్టీరింగు పట్టుకుని ఉన్నాడు. డాక్టరమ్మ దగ్గర ఎందుకు నోరెత్తలేదో ఆమెకి అర్థమైంది. ఆపకపోతే దూకేస్తానన్నట్టు తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

వెడల్పాటి మలుపులో ఆపాడు. ఆమె చక్రాల వెనక రాళ్ళు పెట్టింది. అతను ఇంజను ఆపకుండా బానెట్ ఎత్తాడు, ఒక్కసారిగా ఆపేస్తే దానికి మంచిది కాదని. ఆమె సీసా నీళ్ళు అతని నెత్తిన పోసింది. బండికి ఉంచమన్నాడు.

"ఆ బండి వేడెక్కితే పొగ కక్కి చెబుతుంది. నువ్వు అదైనా చెయ్యవు కదయ్యా" అంది.

ఫోను మోగింది. ఆమే తీసింది. ఎందుకాగారు, పైన పనివాళ్ళు ఖాళీగా ఉన్నారంటున్నాడు యజమాని. "నేను ఆయన భార్యనండి. మీ బండికేం కాలేదు. మీరొచ్చి ఈ సీట్లో కూచుని పైదాకా తీసుకెళ్ళండి, మేం నీడలో ఉంటాం" అంది. ఫోను ఆయనకివ్వమ్మా అన్నాడు యజమాని.

అతను అలవాటుగా నిటారుగా నిలబడ్డాడు. "బండి బయల్దేరొచ్చండి. నేనే బయల్దేరలేను. అరగంట పడుతుంది" అన్నాడు.

రేడియేటరు ఇప్పటికీ మారలేదు. మలుపులో అరగంట ఆగనిస్తున్నారు, దానికి బదులు అరగంట ముందే షెడ్డుకి రమ్మన్నారు. వదిలేద్దామంటే, కిడ్నీల కాగితం చూసి ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు? మందులు మాత్రం రోజూ కావాలి.

ఏటా ఆ పికప్పు తనిఖీకి వెళ్ళి వస్తుంది. బ్రేకులు చూస్తారు, లైట్లు చూస్తారు, పొగ కొలుస్తారు. బరువు లాగుతున్నప్పుడు క్యాబిన్‌లో ఎంత వేడో ఎవరూ చూడరు. దాన్నీ కొలవాలని బళ్ళు తనిఖీ చేసే మీ ఊరి రవాణా కార్యాలయానికి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. ఒక్కరు రాస్తే చెత్తబుట్టలో వేస్తారు, వీధి వీధంతా సంతకం పెట్టండి. మీ సామాను లాగడానికి బండి మాట్లాడుకుంటే, యజమానిని కాదు, డ్రైవర్ని పక్కకి పిలిచి లోపల ఎలా ఉంటోందో అడగండి. అతను నవ్వి ఊరుకుంటే మీరు ఊరుకోకండి. తలుపు తీసి, ఎక్కి కూచోండి.